కిడ్నీ కడిగే మాత్ర

నవంబరు 4, సోమవారం

మొక్కజొన్న ఆడించడం మొదలైంది. ఎండ బాగా కాసింది. అయినా గింజలో తేమ తగ్గలేదని లారీ వాడు మొహం చిట్లించాడు.

తూ వా నడుం పట్టుకుని నడుస్తున్నాడు. ఇరవై నాలుగేళ్ల నా కొడుకు ముసలాయనలా ఒంగిపోయాడు. బస్తాలు మోసే వాళ్లందరికీ ఇదే బాధ. మా సరిహద్దు కొండల్లో నడుం నొప్పి అంటే కిడ్నీల్లో మురికి పేరుకున్నట్టే లెక్క. సాయంత్రం జే లెక్ అనే ఆవిడ కిరాణా షాపుకి వెళ్లి కిడ్నీ కడిగే మాత్రలు తెచ్చుకున్నాడు. చిన్న ప్లాస్టిక్ కవరు. మీద పేరు లేదు. లోపల నీలం మాత్రలు. డాక్టరు చీటీ అక్కర్లేదు, ఉప్పూ సబ్బూ కొన్నట్టే.

నన్నూ ఒకటి వేసుకోమన్నాడు. నేను మాత్రలు మింగను.

నవంబరు 5, మంగళవారం

చేను గట్టున ఒకటే నవ్వులు. మాత్ర వేసుకున్న వాళ్లంతా వరసగా నిలబడి ఎవరి మూత్రం ఎంత ఆకుపచ్చగా ఉందో చూసుకున్నారు. రంగు దిగితే మందు పట్టినట్టు, మురికి కదిలినట్టు. తూ వాది అందరికంటే ముదురు. వాడికి అదో గర్వం.

నా బావమరిది సా తమ్లా నది అవతలి దేశం నుంచి కూలికి వస్తున్నాడు. మేనల్లుడి రంగు చూసి, ఇన్నాళ్లూ కడుపులో చేను పెంచుతున్నావేంట్రా అని అడిగాడు. పోతూ పోతూ వాడి కవరులోంచి సగం మాత్రలు తన చొక్కా జేబులో వేసుకున్నాడు. తమ్లాకీ నడుం నొప్పే. రేపటి నుంచి వాళ్ల ఊళ్లో కోతలు, ఇటు రాడు.

నవంబరు 7, గురువారం

తూ వాకి ఆకుపచ్చ పోయి నల్లగా వస్తోంది. చిక్కటి టీ డికాషన్ లాగా.

జే లెక్‌ని అడిగి వచ్చాడు. అడుగున గట్టిపడిన మురికి ఇప్పుడే కరుగుతోంది, మానకుండా వేసుకో అందట. అందరికీ సబబుగానే తోచింది. నాకూ.

పడుకున్నాక నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు యుద్ధం తప్పించుకుని అడవిలో పారిపోతుంటే నాకు చలిజ్వరం వచ్చింది. సైన్యంతో తిరిగే వైద్యుడెవరో మాత్రలు ఇచ్చాడు. తరువాత నాకూ ఇలాగే నల్లగా వచ్చింది. చచ్చి బతికావు అన్నారు, నన్ను నది దాటించిన వాళ్లు. వాళ్లు మా వాళ్లు కారు. మా వాళ్లెవరో నాకు తెలియదు. అమ్మ పేరు కూడా గుర్తులేని వయసు.

ఆ నలుపూ ఈ నలుపూ ఒకటి కావులే అనుకున్నాను.

నవంబరు 8, శుక్రవారం

తూ వా పనికి రాలేదు. నిద్రపోతున్నాడంది వాళ్లమ్మ.

నవంబరు 9, శనివారం. ఉదయం

కళ్లు పసుపు ముద్దలు. పెదాల్లో రక్తం లేదు. చాప మీద నుంచి లేచి కూర్చోవడానికి రొప్పుతున్నాడు.

అత్తమ్మ అప్పటికే పిలుపులు పంపింది. మా కరెన్ తెగ ఇళ్లలో పాత ఆచారం ఒకటి ఉంది. ఇంట్లో ఒకరికి ప్రాణం మీదికి వస్తే తల్లివైపు వరస అంతా కూడాలి. అవ్వ, ఆమె పిల్లలు, ఆమె కూతుళ్ల పిల్లలు. పందిని కోసి, ఒక్క కుండలో వండి ముందు పెద్దావిడ, తరువాత వయసు వరసన ఒక్కొక్కరు తినాలి. ఒక్కరు తప్పినా చనిపోయి పైనున్న అమ్మలు మొహం తిప్పుకుంటారు. అల్లుళ్లకి చోటు లేదు. మాలో అందరిదీ ఇల్లరికమే, అయినా ఆ రోజు మాత్రం మేం స్తంభాల మీది ఇంటి కింద, పందుల పక్కన కూర్చుంటాం.

నేను లారీ వాడిని పిలిచాను. అత్తమ్మ మెట్లకి అడ్డంగా నిలబడింది.

"అందరూ కూడకుండా గడప దాటించకు."

"ఊపిరాడట్లేదు అత్తమ్మా. కూడేదాకా వాడు ఆగడు."

"నువ్వు బయటివాడివి. మా రక్తం సంగతి నీకేం తెలుసు?"

నా భార్య నో మూ ముందుకు వచ్చింది. కొడుకు కాళ్ల వైపు పట్టుకుంది. నేను తల వైపు పట్టుకున్నాను. అత్తమ్మ పక్కకి జరిగింది.

అదే రోజు, మధ్యాహ్నం మూడు

జిల్లా ఆసుపత్రి. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. వాడి కంటి కింది రెప్పలు లాగి చూసి, ఏం తిన్నాడు, ఏం తాగాడు, ఏ మందు వేసుకున్నాడు అని థాయిలో గబగబా అడిగింది. మందేమీ లేదన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. కిడ్నీ కడిగేది మందు కింద లెక్కకి రాదు.

నో మూ కవరు తీసి ఇచ్చింది. డాక్టరమ్మ ఒక మాత్ర గ్లాసు నీళ్లలో వేసింది. నీళ్లు సిరాలా నీలమయ్యాయి. ఇందులో ఉన్నది రంగు, చాలామందికి ఊరికే మూత్రం రంగు మారుస్తుంది, కొందరి రక్తాన్ని పగలగొడుతుంది అంది. మేం మురికి అనుకున్నది మా వాడి రక్తం.

రాత్రి గడిస్తే చెప్పగలను అంది.

నవంబరు 10, ఆదివారం

గడిచింది.

ఎవరిదో తెలియని మనిషి రక్తం సంచిలోంచి వాడి చేతిలోకి దిగుతోంది. రెండో సంచి. పెదాలకి కొంచెం రంగు వచ్చినట్టుంది, లేదా కిటికీ వెలుగేమో.

డాక్టరమ్మ నిలబడి ఓపికగా చెప్పింది. రక్తం పాడవకుండా, ఇనుముకి తుప్పు పట్టకుండా చూసినట్టు చూసే పదార్థం ఒకటి ఉంటుంది. పుట్టుకతోనే కొందరికి అది తక్కువ. తింటారు, మోస్తారు, పెళ్లి చేసుకుంటారు, జీవితమంతా తెలియకుండానే గడిచిపోవచ్చు. ఒక్క మాత్ర పడితే బయటపడుతుంది. షాపులో అమ్మేది కదా, అందరికీ ఒకటే కదా అనుకుంటాం. మాత్ర ఒకటే. మింగేవాళ్లు ఒకటి కాదు.

టెస్టు చేసి తేల్చమన్నాను. ఇప్పుడు వాడి ఒంట్లో సగం పరాయి రక్తం, టెస్టు అబద్ధం చెబుతుంది, నెలలు ఆగాలి అంది. ఈలోగా వాడి తల్లివైపు వాళ్లకి వేలు గుచ్చి చుక్క రక్తం చూడాలంది. మగపిల్లాడికి ఇది తల్లి దగ్గర్నుంచే వస్తుందట. తండ్రి నుంచి రాదట. తల్లి అన్నదమ్ములు ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

తమ్లా చొక్కా జేబు గుర్తొచ్చింది.

నవంబరు 11, సోమవారం

తెల్లారగానే నది దాటాను. తమ్లా కోతలో ఉన్నాడు. నన్ను చూసి ముందు తూ వా పోయాడనుకున్నాడు. కొడవలి వదిలేసి నేల మీద కూర్చున్నాడు. బతికాడని చెప్పాక కూడా లేవడానికి కాస్త టైము పట్టింది.

మాత్రలు వేసుకున్నావా అని అడిగాను. ఇంకా లేదట. వారమంతా చర్చిలో పాట ప్రాక్టీసు, నిన్న పాట, చర్చి దొడ్లో ఆకుపచ్చగా పోస్తే పాస్టరు ఏమనుకుంటాడని ఆగాడట. ఇవాళ సాయంత్రం మొదలుపెట్టాలని జేబులోనే పెట్టుకున్నాడు. జేబు తట్టి చూపించాడు.

ఇచ్చెయ్యమన్నాను. ఇవ్వలేదు. తూ వా ఒళ్లు మెతక, తనది కాదు అన్నాడు. నడుం నొప్పి నీకు కాదు కదా అన్నాడు. డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. అమ్మ రక్తం అనగానే ముఖం గంటుపెట్టుకున్నాడు.

"అమ్మే పంపింది కదూ నిన్ను? పందిని కొయ్యడానికి మనిషి తక్కువయ్యాడని. బావా, నేను దేవుడి బిడ్డనయ్యాక ఆ మెట్లు ఎక్కలేదు. ఎక్కను."

"ఎక్కొద్దు. కింద నా పక్కన కూర్చో. వేలు మాత్రం ఇవ్వు."

కొడవలి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. వేలు గుచ్చి చూసేదాకా మాత్ర ముట్టనని మాట ఇచ్చాడు. మాత్రలు మాత్రం జేబులోనే.

నవంబరు 13, బుధవారం

తూ వా ఇవాళ గంజి తాగాడు. మూత్రం రంగు చూసి నర్సు నవ్వింది. మామూలు రంగు చూసి మనుషులు సంతోషిస్తారని నాకు తెలియదు.

నవంబరు 15, శుక్రవారం

ఇంటికి తెచ్చాం. మెట్లు ఎక్కుతుంటే మధ్యలో రెండుసార్లు ఆగాడు. అత్తమ్మ వాడి మణికట్టుకి తెల్లదారం కట్టింది. నన్ను దాటుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఊరి మలేరియా కేంద్రంలో పనిచేసే నో రీ వచ్చింది. జ్వరం మాత్ర ఇచ్చే ముందు వేలు గుచ్చి చూసే చిన్న ప్లాస్టిక్ పట్టీలు తన దగ్గర ఉన్నాయట. చుక్క వేస్తే ఊదా రంగు తేలాలి. లేతగా తేలితే ఆ పదార్థం సగం ఉన్నట్టు, తెల్లగా ఉండిపోతే ఆ మనిషికి బాగా తక్కువ ఉన్నట్టు. మా వరస అందరినీ చూస్తానంది. కానీ మా అత్తమ్మ పిల్లలు తలా ఒక ఊళ్లో, ఒకడు అవతలి దేశంలో. ఎలా కూడేస్తావని అడిగాను. నో రీ ఇంట్లోకి, పొయ్యి దగ్గర కుండ తోముతున్న అత్తమ్మ వైపు చూపించింది. ఆగిపోయిన ఆచారం ఎల్లుండి చేస్తున్నారు, వాళ్లంతా ఎలాగూ వస్తున్నారు కదా బాబాయ్ అంది.

ఎంత చదివితే ఈ జాబితా దొరుకుతుంది? అవ్వలకి ఏ చదువూ లేకుండానే దొరికింది. తల్లి, తల్లి పిల్లలు, కూతుళ్ల పిల్లలు. ఎవర్నీ వదలకుండా పిలవాలి. ఏ కాలంలో ఎవరు పెట్టారో ఈ నియమం. ఆలోచిస్తుంటే ఒళ్లు జలదరించింది.

నో రీ అత్తమ్మని అనుమతి అడిగింది. ఏం చూస్తావే రక్తంలో అంది అత్తమ్మ. అమ్మల వరసే చూస్తాను అవ్వా అంది నో రీ. అత్తమ్మ కుండ బోర్లించి, అయితే నా తరవాతే మిగతా వాళ్లు అంది.

నవంబరు 17, ఆదివారం

అందరూ వచ్చారు. నో మూ అక్క, మా పెద్ద వదినగారు, ఆమె ఇద్దరు కొడుకులు. పైన పంది కూర వాసన. నేను, పెద్ద వదినగారి భర్త, నో రీ ఇంటి కింద. మా తలల మీద వెదురు పలకలు ఒక్కో అడుగుకీ కిర్రుమంటున్నాయి.

అన్నం పెట్టే వేళకి తమ్లా వచ్చాడు. చర్చి చొక్కాతోనే. చెప్పినట్టే మెట్లెక్కలేదు. నా పక్కన చతికిలబడ్డాడు.

పైనుంచి అత్తమ్మ గొంతు వినపడింది. దేవుడి బిడ్డ వచ్చాడా అని.

"నీ దేవుడు మీదుంటాడు, మా అమ్మలూ మీదుంటారు. మధ్యలో నీకేంట్రా నొప్పి?"

"నడుం నొప్పి" అన్నాడు తమ్లా.

పైన అందరూ నవ్వారు. తూ వా నవ్వు కూడా విన్నాను, సన్నగా. కాసేపటికి పలకల సందులోంచి ఆకులో చుట్టిన ముద్ద ఒకటి కిందికి దిగింది. తమ్లా దాన్ని చేతిలో పట్టుకుని కళ్లు మూసుకుని తన ప్రార్థన చెప్పుకున్నాడు. తరువాత తిన్నాడు. ఎవరి లెక్కలో వాళ్లకి సరిపోయింది.

చివర అత్తమ్మ ఎప్పటిలాగే గట్టిగా అడిగింది. "మన వరసలో ఎవరైనా తప్పిపోయారా?" అందరూ కలిసి జవాబు చెప్పారు. "ఎవరూ తప్పిపోలేదు." నా పక్కన తమ్లా పెదాలు కూడా కదిలాయి.

అప్పుడు ఒక్కొక్కరే కిందికి దిగారు. మొదట అత్తమ్మ. ఎవరూ వేలు వెనక్కి తీసుకోలేదు. నో రీ పట్టీలు చెక్క మీద వరసగా పెట్టింది. కాసేపు ఆగాలి. ఆ చెక్క చుట్టూ అంతమందిమి గుమిగూడాం, మా వెనక పందులు.

అత్తమ్మది లేత ఊదా. నో మూది, పెద్ద వదినగారిది కూడా లేత ఊదా. పెద్ద వదినగారి పెద్దవాడిది ముదురు, చిన్నవాడిది తెలుపు. తమ్లాది తెలుపు.

తమ్లా ఆ పట్టీని చాలాసేపు చూశాడు. వెలుగులోకి తిప్పి చూశాడు. జేబులోంచి కవరు తీశాడు. పందుల తొట్టిలో పోయబోతే పెద్ద వదినగారు చెయ్యి పట్టుకుంది, వాటి కిడ్నీలు కడిగేదెందుకురా అని. నో రీ తీసుకుంది. ఏయే మందులు వేసుకోకూడదో తమ్లాకి, చిన్నవాడికి చెరో కార్డు రాసిచ్చింది. షాపులో ఏది కొన్నా ముందు ఈ కార్డు చూపించాలంది.

ఇది జబ్బు కాదంది నో రీ. మా అడవుల్లో చలిజ్వరం ఊళ్లకి ఊళ్లు ఊడ్చేసేదట. ఇలాంటి రక్తంలో ఆ జ్వరం పురుగు సరిగ్గా పెరగలేదంటారు. ఈ రక్తం ఉన్న పిల్లలు కొంచెం ఎక్కువమంది బతికారు. వాళ్ల పిల్లల పిల్లలం మనం. వందల ఏళ్ల నాటి మాట. తూ వాని పడగొట్టింది, ఎప్పుడో వాడి ముత్తవ్వల ముత్తవ్వల్ని నిలబెట్టిందే.

అత్తమ్మ చేతులెత్తి పైకి దణ్ణం పెట్టింది. ఆశ్చర్యపోయినట్టు లేదు.

ఇంకో పట్టీ మిగిలింది. నా కూతురు పో సేది. తూ వాకి చెల్లెలు. అత్తమ్మ తరువాత ఇంట్లో ఉన్న కూతురు నో మూ, ఆమె తరువాత ఈ ఇంటి కుండ పట్టాల్సింది అదే. పట్టీ తెల్లగా ఉంది. లేత ఊదా కూడా లేదు.

నో రీ దాన్ని మళ్లీ చూసింది. మా అందరి మొహాలూ చూసింది. ఆడపిల్ల ఇంత తెల్లగా రావడం అరుదు, తల్లి ఇచ్చిన సగం ఒక్కటే మామూలుగా సరిపోదు అంది. ఆడపిల్లకి రెండు వైపుల నుంచీ వస్తుందట.

"బాబాయ్, మీ వేలు ఇవ్వండి."

నేను వరస వాణ్ణి కాదమ్మా అన్నాను. తెలుసు అంది.

సూది గుచ్చింది తెలియలేదు. చుక్క పట్టీలోకి పాకింది. అందరూ నా మీదికి వంగారు. పై నుంచి తూ వా కూడా పలకల సందులోంచి చూస్తున్నాడు. ఎవరో పందుల తొట్టికి కాలు తగిలించుకున్నారు. చుక్క చుట్టూ నో రీ వేసిన నీటిమందు తేటపడింది.

తెలుపు.

అడవిలో నేను మింగిన మాత్రలు గుర్తొచ్చాయి. అది నాకు ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగాను. జవాబు తెలుసు. డాక్టరమ్మ చెప్పింది. అయినా ఇంకొకరి నోట వినాలనిపించింది.

"మగవాళ్లకి ఒక్కచోటు నుంచే బాబాయ్. మీ అమ్మ దగ్గర్నుంచి."

అత్తమ్మ నా ఎదురుగా కూర్చుంది. నేల మీద, ఇంటి కింద. ఇన్నేళ్లలో ఆమె అక్కడ కూర్చోవడం నేను చూడలేదు. మీ అమ్మ ఎవరయ్యా అని అడిగింది. అదీ ఇన్నేళ్లలో మొదటిసారి.

తెలియదు అన్నాను.

ఆమె పో సే పట్టీని తీసి నా పట్టీ పక్కన పెట్టింది.

నవంబరు 18, సోమవారం

చలి. లారీ రాలేదు. జే లెక్ షాపుకి నో రీ, తమ్లా వెళ్లారు. జే లెక్ ముందు కొట్టడానికి వచ్చిందట. తూ వా సంగతి విన్నాక ఆమే ఆ మాత్రల డబ్బా దించి లోపల పెట్టిందట. మళ్లీ ఎప్పుడు బయటికి తీస్తుందో. మేం వెళ్లి చూస్తూ ఉండాలి.

రోజంతా నా చేతుల్ని చూసుకుంటూ ఉన్నాను. అమ్మ ముఖం లేదు, గొంతు లేదు, ఒక గుడ్డ ముక్క లేదు. ఏమీ మిగల్లేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. నాలో తిరుగుతూనే ఉంది. జ్వరం నుంచి నన్ను కాచి ఉంటుంది. మాత్రతో నన్ను చంపబోయింది కూడా అదే. నా కూతుర్లోకి వెళ్లి కూర్చుంది, నాకు చెప్పకుండా.

నవంబరు 24, ఆదివారం

ఇంటి కింద మూడు రాళ్లు పెట్టి చిన్న కుండలో అన్నం వండాను. ఈ ఆచారపు కుండ మగవాడు వండకూడదు. నా తల్లి వరసలో వండేవాళ్లు లేరు. పిలవాల్సిన పేరు తెలియక, అమ్మా అన్నాను. మొదటి ముద్ద ఆకులో పెట్టాను. పో సే మెట్లు దిగి వచ్చి పక్కన కూర్చుంది. పైన అత్తమ్మ నడక ఆగింది. ఇద్దరం తిన్నాం.

ఎవరూ తప్పిపోలేదు.